ఉబ్బిన పరవాన్నం

నమోదు 1 – ఆఖరి పడవ దిగిన రోజు

పాలపొడి వచ్చింది. వచ్చింది అనడం కన్నా నలిగిపోయింది అనడం సబబు.

ఎప్పుడూ మందపాటి సంచుల్లో పంపేవారు. సంచికి ఓ మూల చిన్న బెజ్జం, దానికి గాలిని మాత్రం పోనిచ్చే తొడుగు. ఈసారి ఒడ్డున ఎవరికో కొత్త ఆలోచన పుట్టి, మిలమిల మెరిసే రేకు డబ్బాల్లో పంపించారు. నేల మీద బిగించిన డబ్బాను సముద్రం అడుగుకు దింపితే ఏమవుతుందో ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడి గాలి బరువు నేల మీది గాలికి ఎన్నో రెట్లు. డబ్బాలన్నీ పిడికిట్లో నలిపిన కాగితాల్లా అయ్యాయి. అతుకులు విచ్చుకున్నాయి. విచ్చుకున్నచోటల్లా మా తేమ గాలి దూరింది.

ఒక డబ్బా తీసి ఊపితే పొడి చప్పుడు రావాలి. గులకరాయి చప్పుడు వచ్చింది.

"ఇదేటి వరాలూ, పాలపొడా, సిమెంటా?" అంది మా వదిన పైడమ్మ, డబ్బాకు చెవి ఆనించి.

తుఫాన్ల కాలం మొదలవుతోంది. ఇక నాలుగు నెలలు పడవ రాదు. మా ఊరు నీలిమెట్టలో పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఇవే పాలు. సముద్రం అడుగున గేదెను కట్టేసే చోటు ఎవరూ కనిపెట్టలేదు.

ఉమ్మడి వంటగదికి పెద్దను నేనే కాబట్టి ఈ నమోదులు రాయడం నా పని. ఏం వచ్చింది, ఏం వండాం, ఏం నిలవ పెట్టాం అని ఒడ్డున ఉన్న కార్యాలయం వాళ్లు అడుగుతారు. చదువుతారో లేదో తెలియదు కాబట్టి నేను నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను. ఈ నమోదు చదివే అయ్యా, ఎవరైనా సరే, ఆ డబ్బాల మనిషిని ఒకసారి కిందికి పంపండి. పాలు కలిపి ఇస్తాను. నములుతూ తాగాలి.

నమోదు 2 – పాలవారం

డబ్బాలన్నీ విప్పి మూడు రాశులు పోశాం. పొడిగా ఉన్నవి ఒకటి. చేత్తో నలిపితే విడిపోయేవి రెండోది. ఇవాళో రేపో తాగెయ్యకపోతే పనికిరానివి మూడోది. అన్నిటికన్నా మూడోదే ఎత్తుగా ఉంది.

పొడిగా ఉన్నదాన్ని మోటారు గది వేడిలో పళ్లాల మీద ఆరబోసి, జల్లించి, తడి తగలని సీసాల్లో కూరి మూత బిగించాను. రెండో రాశినీ అలాగే చేయాలి. మూడో రాశిని మాత్రం మనుషుల్లోనే నిలవ పెట్టాలి, వేరే దారి లేదు.

అందుకని ఈ వారం నీలిమెట్టలో ఎవరూ మంచినీళ్లు తాగలేదు. పొద్దున పాలు, మధ్యాహ్నం పాలు, చారులో పాలు, పులుసు మానేసి పాలు. నాచు తోటలో పనిచేసే మగవాళ్లు వంటగది ముందునుంచి వెళ్లాలంటే దొంగల్లా వంగి వెళుతున్నారు. కనిపిస్తే గ్లాసు చేతిలో పెడతానని.

పాలు అంటే పైవాళ్లు అనుకునే తెల్లటి పాలు కావు. ఇక్కడి గాలి బరువు కింద నీళ్లు ఓ పట్టాన మరగవు. మరిగాయా, నేల మీద మరిగే నీళ్లకన్నా ఎంతో వేడి. బియ్యం కళ్లు మూసి తెరిచేలోపు ఉడుకుతుంది, కందిపప్పు మాట చెప్పక్కర్లేదు. పాలు మాత్రం మరిగేసరికి మాడుపాకం రంగుకు తిరుగుతాయి. ఇక్కడ పెరిగిన పిల్లలను పాల రంగు ఏమిటని అడిగితే గోధుమరంగు అంటారు.

వదినకు ఆ రంగంటే ఒళ్లుమంట. ఆమె ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆమె నాలుక ఇంకా భీమిలిలోనే కాపురముంటోంది.

"పరవాన్నమంటే మల్లిపువ్వులా ఉండాలి గాని, ఇదేటి, బురదలాగ," అంటుంది. ఇక్కడి గాలిలో హీలియం కలుపుతారు కాబట్టి మా అందరివీ బాతుపిల్ల గొంతులే. ఆ గొంతుతో మా వదిన కోప్పడుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు గోడవైపు తిరిగి నవ్వుకుంటారు. పాతవాళ్లం నవ్వం. ఆమె కోపం ఎలాంటిదో మాకు తెలుసు.

నమోదు 3 – వదినకు ఆలోచన వచ్చింది

వదిన కూతురు, నా మేనకోడలు నీలవేణికి నెలలు నిండుతున్నాయి. కాన్పు ఒడ్డున ఆసుపత్రిలోనే జరగాలని నియమం. పైకి వెళ్లడమంటే తలుపు తీసుకుని వెళ్లడం కాదు. ముందు మెట్ల గదిలో కూర్చోవాలి. అక్కడ గాలి బరువును మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. తొందరపడితే నెత్తురులో బుడగలు లేస్తాయి. రోజుల తరబడి ఆ ఇనుప గదిలో కూర్చుని, పైగాలికి ఒళ్లు అలవాటుపడ్డాక, అప్పుడు ఇద్దరు ముగ్గురు మాత్రమే పట్టే గుండ్రటి బండిలో, తుఫాను తగలని అడుగు పట్టాల మీదుగా, పైకి లాగుతారు.

ఎన్ని రోజులు పడితే అన్ని రోజులూ లోపల తినడానికి ఆహారం కావాలి. సీసాలు సర్దడం నా పని.

"ఏటి పెడతావు దానికి?" అంది వదిన, నా వెనక నిలబడి.

"బొబ్బర్లు, చేప పులుసు, టమాటా పచ్చడి. సీసాలు కట్టి ఉన్నాయి కదా."

"నా కూతురు కానుపుకెల్తంటే బొబ్బర్లు పెడతావేటి? అది పరవాన్నం అడిగింది. పాలపొడి అంతున్నాది. వొండి సీసాల్లో పోసీసి మూత బిగించీ."

నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఓపిగ్గానే చెప్పాను. పాలూ బియ్యమూ కలిసి సీసాలో చిక్కబడతాయి. నీళ్లలో ఎంతసేపు కాచినా వేడి అంచుల దగ్గరే ఆగిపోతుంది, నడిమధ్యకు చేరదు. నడుమ ఒక పురుగు బతుకుతుంది. కంటికి కనబడదు, గాలి లేని చోటే దానికి హాయి. అది వదిలే విషం చెంచాడు చాలు, మనిషిని పడుకోబెట్టడానికి. అందుకే పాలు ఎప్పుడూ సీసాలోకి పోయకూడదు. సీసా తెరిచాక, తినబోయే ముందు కలుపుకోవాలి.

"అది నేలమీదోల్ల రూలు," అంది వదిన. "అక్కడ నీల్లు ఉత్తినే మరుగుతాయి. ఇక్కడ మన నీల్లలో రాయేస్తే రాయి ఉడుకుతాది. పురుగు బతుకుతాదేటి?"

నిజం చెప్పాలంటే ఆ మాట నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. ఇక్కడి మరుగు మామూలు మరుగు కాదు. చాలాసేపు ఉంచితే మధ్యకు కూడా వేడి చేరుతుందేమో. కానీ "ఏమో" అనే మాటను సీసాలో పెట్టి నీలవేణి చేతికివ్వలేను.

"వదినా, వద్దు. కావాలంటే పాలపొడి, పంచదార విడిగా ఇస్తాను. అక్కడ కలుపుకుంటుంది."

"కలుపుకుంటే అది పరవాన్నమవుతాదేటి? మందు అవుతాది," అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

వదిన ఇంత తేలిగ్గా వెళ్లిపోయే మనిషి కాదు.

నమోదు 4 – సాగనంపిన రోజు

నీలవేణిని, దాని మొగుడు గురుమూర్తిని మెట్ల గదిలోకి పంపించాం. ఒక్కరినే పంపకూడదు కాబట్టి తోడు అతను. మంచివాడు. నాచు కోసే యంత్రాలు నడుపుతాడు. మీసాలు పెద్దవి. తీపి కనబడితే ఆ మీసాలు వాటంతటవే కదులుతాయి.

తోడు ఎవరు వెళ్లాలన్నదాని మీద ముందు పెద్ద చర్చే జరిగింది. మామూలుగా అయితే తల్లి వెళుతుంది. వదిన మాత్రం, "నాను ఎల్తే ఇక్కడ వొంట ఎవలు సేత్తారు?" అంది. వంట నేను చేస్తానని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. నీలవేణి కూడా అనలేదు. తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, "సరేలేమ్మా," అంది.

తలుపు మూసే ముందు వదిన ఒక బరువైన చేతిసంచి లోపల పెట్టింది.

"ఏముంది అందులో?" అన్నాను.

"పాత గుడ్డలు. పసిదానికి," అంది.

గుడ్డలు గలగలమనవు. అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది, ఈ ముక్క తర్వాత చేర్చాను. అప్పుడు నీలవేణి నన్ను పట్టుకుని ఏడుస్తోంది. నా చెవిలో దాని ఏడుపే ఉంది.

మందంగా, గుండ్రంగా ఉన్న ఆ తలుపు మూసుకుంటుంటే వదిన చూడలేదు. గోడవైపు తిరిగి నిలబడింది.

నమోదు 5 – మూతలు లేచిన రోజు

మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే మెట్ల గది మైకు మోగింది. గురుమూర్తి.

"వరాలత్తా, భోజనాలయినాయా?"

"అయ్యాయి బాబూ. మీరు తిన్నారా?"

"బొబ్బర్లు తిన్నాం. ఇప్పుడు పరవాన్నం తిందామని..."

చేతిలో గిన్నె తొట్టిలో పడింది. "ఏ పరవాన్నం?"

"అత్త ఇచ్చింది కదా, ఆరు సీసాలు. నీలవేణి ఇప్పుడే లేచి మొకం కడుక్కుంటంది. అది వచ్చాక తెరుద్దామనుకుంటన్నాం. గాని మూతలు కొంచెం పైకి లేచినట్టున్నాయి. పర్లేదా?"

నేను చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూనే వదిన కోసం చూశాను. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. నేను అరిచేలోపే ఆమె మైకు దగ్గరికి వచ్చింది.

"అల్లుడుగారూ, ఏటీ కాదు. అక్కడ గాలి బరువు తగ్గిపోతన్నాది కదా, అందుకని మూత లేచింది. తినండి."

"తినకండి!" అన్నాను నేను.

"తినండి అంటన్నాను కదా!"

"బాబూ, సీసా కింద పెట్టు. పెట్టావా?"

రెండు బాతుపిల్లల మధ్య ఇరుక్కున్నాడు పాపం. తర్వాత మెల్లగా, "పెట్టినానండి," అన్నాడు.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు ఎప్పుడూ ఇలాగే. మూత లేత్తే సెడిపోయినట్టేనేటి? పైకెల్లే ప్రతి సీసా మూతా లేస్తాది. లోపల కింద గాలి ఉంటాది, బయట పల్చటి గాలి. అంతే."

మాట తీసిపారేసేది కాదు. ఇక్కడ మూసిన సీసా పైకి వెళితే నిజంగానే మూత లేవొచ్చు. ఉబ్బిన మూత చెడిపోయినందుకు ఉబ్బిందా, పైకి ఎక్కినందుకు ఉబ్బిందా? ఇక్కడినుంచి చూసి చెప్పడం ఎలా? వదిన చెప్పిందే నిజమైతే ఓ గర్భిణి నోటికాడి తీపి లాగేసినదాన్నవుతాను. నేను చెప్పిందే నిజమైతే... అది తలుచుకోబుద్ధి కాలేదు.

అప్పుడు నీలవేణి గొంతు వినిపించింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చినట్టుంది.

"అత్తా, ఒక మాట. బొబ్బర్ల సీసాలు ఇంకా రెండున్నాయి. ఇవీ అక్కడ కట్టినవే కదా?"

"అవును తల్లీ. అవే మూతలు, అదే గది."

"వీటి మూతలు లోపలికే ఉన్నాయి. నొక్కితే కదల్లేదు. పరవాన్నం సీసాలు ఆరూ బోర్లించిన గిన్నెల్లాగ లేచి ఉన్నాయి."

వదిన చెయ్యి నా మోచేతి మీద వదులైంది. అయినా ఒప్పుకోలేదు. "బొబ్బర్లు వేరు, పాలు వేరు," అని గొణిగింది.

"గురుమూర్తీ," అన్నాను, "సీసాలో పరవాన్నం ఏ రంగులో ఉంది?"

"అబ్బ, ఏటి సెప్పమంటారు వరాలత్తా! తెల్లగా, మల్లిపువ్వులా ఉన్నాది. ఇక్కడ ఇంత తెల్లటి పరవాన్నం నానెప్పుడూ సూడలేదు."

నేను వదిన వైపు తిరిగాను. ఇక్కడ మరిగిన ఏ పాలైనా గోధుమరంగుకు తిరుగుతాయి. సీసాలో తెల్లగా ఉన్నాయంటే సీసా మరగలేదు.

"వదినా. నీళ్లు మరగకముందే తీసేశావు కదూ?"

ఆమె ముఖం ఎర్రబడింది. "మరిగితే బురద రంగొస్తాది. గట్టిగా ఆవిరి రాగానే దించీసినాను. వేడిగానే ఉన్నాది వరాలూ, సెయ్యి కాలింది, సూడు." నిజంగానే వేలు చూపించింది. వేలి మీద బొబ్బ ఉంది.

ఆ బొబ్బ చూస్తే నాకు కోపం రాలేదు. కూతురికి తెల్లటి పరవాన్నం పెట్టాలని ఎవరూ లేని సమయం చూసి, ఆ సీసాలు చేతులు కాల్చుకుంటూ దించిన మనిషి ఆమె. అసలు కోపం తెచ్చుకునే తీరిక కూడా లేకపోయింది. మైకులో గురుమూర్తి అంటున్నాడు:

"అయితే గాలి తీసీసి దాసెయ్యమంటారా? మూత కొంచెం ఇలా నొక్కితే..."

"నొక్కొద్దు!"

ఇద్దరం ఒకేసారి అరిచాం. నా జన్మలో వదినా నేనూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదటిసారి.

ఆలస్యమైపోయింది. మైకులో సీసా పేలిన మోత వినిపించింది. తర్వాత ఏదో గోడకు అతుక్కున్న చప్పుడు. తర్వాత నీలవేణి కేక.

"ఏమయింది? నీలవేణీ! నీకేమైనా తగిలిందా?"

"నాకేటీ తగల్లేదు. నేను తెర వెనకున్నాను. ఈయనకే... ఓలమ్మో!" అంటూ అది నవ్వడం మొదలుపెట్టింది. "మొకం నిండా పరవాన్నం అత్తా! మీసాలు తెల్లబడిపోయినాయి, ముసిలోడయిపోనాడు!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. గురుమూర్తి సంగతి నాకు తెలుసు. అతని మీసాల మీద తీపి పడిందంటే తర్వాత ఏం జరుగుతుందో నీలిమెట్టలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"బాబూ, నాలుక బయటికి తియ్యకు!"

"మ్?"

"నోరు మూసుకో! పెదాలు తడుపుకోకు! మింగకు!"

వదిన నన్ను పక్కకు తోసేసి మైకు పట్టుకుంది. అల్లుడు పెళ్లినాడు ఇంట్లోకి అడుగుపెట్టింది మొదలు ఆమె అతణ్ని "అల్లుడుగారు" అని తప్ప పిలవలేదు. ఎదురుగా కూర్చోలేదు. అతని పేరు నోట రాలేదు.

"ఒరే గురుమూర్తిగా!" అని అరిచింది, ఆ బాతుపిల్ల గొంతు చీరుకుపోయేలా. "నాలిక బయటెట్టినావంటే కోసి కారమెట్టెత్తాను! ఒలే నీలేనీ, ఆడి నోరు పట్టుకోయే! రెండు సేతులా పట్టుకో!"

మైకులో పెనుగులాట. ఏదో ఇనుప పళ్లెం దొర్లింది. చివరికి నీలవేణి రొప్పుతూ, "పట్టుకున్నానమ్మా. మూసే ఉంచినాడు," అంది.

తర్వాత అంతా నేను చెప్పాను, వాళ్లు చేశారు. గురుమూర్తి నోరు తెరవకుండా ముఖం సబ్బుతో రెండుసార్లు కడిగాడు. మీసాల దగ్గరికి వచ్చేసరికి సబ్బు సరిపోవడం లేదని నీలవేణి అంది. కత్తెర ఉందా అని అడిగాను. ఉంది. పసిబిడ్డ బొడ్డుతాడు కోసం సర్దిన కొత్త కత్తెర కాదు, మామూలు కత్తెర. కత్తెర చప్పుడు మైకులో స్పష్టంగా వినిపించింది. గురుమూర్తి మూలుగు కూడా.

గోడలూ నేలా బ్లీచింగు నీళ్లతో తుడిచారు. మిగిలిన సీసాలు మూత తియ్యకుండా మందపాటి సంచిలో కట్టి చెత్త పెట్టెలో పెట్టి బిగించారు. ఒడ్డున డాక్టరమ్మకు కబురు పెట్టాం. ఆమె ప్రతి పూటా మైకులో గురుమూర్తిని పలకరిస్తోంది.

"రెప్పలు బరువుగా ఉన్నాయా? మింగడం కష్టంగా ఉందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా?"

"లేదండి," అన్నాడు గురుమూర్తి. "నీలవేణి ఒక్కతే కనబడతంది. అది సాలండి."

నమోదు 6 – వదిన మాట్లాడింది

గురుమూర్తికి ఏమీ కాలేదు. డాక్టరమ్మ ఇక భయం లేదంది. మీసాలు లేకుండా ఎలా ఉన్నాడని అడిగితే, "తెలీని మనిసితో ఉన్నట్టుంది అత్తా, సిగ్గేస్తంది," అంది నీలవేణి.

వదిన మాత్రం వంటగదికి రావడం మానేసింది. వెతికితే మోటారు గదిలో దొరికింది. ఆరబోసిన పాలపొడి పళ్లాల మధ్య కూర్చుని, గడ్డలను వేళ్లతో నలుపుతోంది. ఎంత మెత్తగా నలిపిందంటే అంతకన్నా మెత్తగా ఏ యంత్రమూ నలపదు.

పక్కన కూర్చుని నేనూ నలిపాను. ఒక పళ్లెం అయ్యాక అంది.

"నా కూతుర్ని నానే సంపీసేదాన్ని."

"చంపలేదు. అదే కనిపెట్టింది బొబ్బర్ల మూతలు చూసి. తెలివైనది. ఎవరి పోలికో."

"నీ పోలికే," అంది విసుగ్గా. ఇంకో గడ్డ తీసుకుంది. "వరాలూ, ఆ పరవాన్నం దానికోసం సేసినాననుకుంటన్నావా? నా కోసం సేసుకున్నాను. నాను ఎల్లలేను కాబట్టి నా బదులు సీసాలు పంపినాను."

"ఎందుకు వెళ్లలేవు?"

"నాకా గదంటే బయ్యం." పొడి గడ్డ ఒకటి ఆమె వేళ్ల మధ్య పటుక్కున విరిగింది. "కిందకొచ్చినప్పుడు ఆ గదిలో నీలేనిని ఒళ్లో ఎట్టుకుని, మీ అన్నయ్య సెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని కూకున్నాను. తలుపు మూసిన సప్పుడు ఇప్పటికీ నాకు ఇనబడతాది. మీ అన్నయ్య ఉన్నన్నాల్లూ, పైకెల్దాం రావే అనీవోడు. నానే సాకులు సెప్పినాను. ఆయన పోయినాక అడిగీవోలూ లేరు."

ఇరవై ఏళ్లుగా ఆమెకు ఇక్కడి పాల రంగు నచ్చదు, ఇక్కడి గాలి నచ్చదు, ఇక్కడి గొంతు నచ్చదు. అయినా పైకి ఎందుకు వెళ్లదని మేమెవ్వరం అడగలేదు. మొండితనం అనుకున్నాం.

నేను మామూలు మాటే చెప్పాను. "పరవాన్నం ఇంకా పంపొచ్చు వదినా. సీసాలో కాదు."

ఇద్దరం కలిసి చేశాం. బియ్యానికి బదులు సన్న సేమ్యాను నేతిలో కాకుండా ఉత్తినే వేయించాం. నెయ్యి నిలవలో ముక్కవాసన వేస్తుంది. చల్లారాక పాలపొడి, పంచదార, ఏలకుల పొడి, ఎండిన జీడిపప్పు పలుకులు కలిపాం. తడి చెంచా తగలనివ్వలేదు. సీసాలో పోస్తే మళ్లీ మూత గొడవ కాబట్టి గుడ్డ సంచిలో కట్టాం. గుడ్డ సంచి ఏ గాలి బరువుకూ ఉబ్బదు. మెట్ల గదిలో కెటిల్ ఉంది. మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, కాసేపు ఆగి కలిపితే చాలు. అక్కడ గాలి బరువు తగ్గింది కాబట్టి పాలు తెల్లగానే ఉంటాయి.

సంచిని రెండు తలుపుల చిన్న కిటికీలోంచి లోపలికి పంపాం. కాసేపటికి మైకు మోగింది. గురుమూర్తి తింటున్న చప్పుడు ముందు వచ్చింది.

"ఎలా ఉన్నాది నీలేనీ?" అంది వదిన.

నీలవేణి చెంచా కింద పెట్టిన చప్పుడయింది.

"బాగుందమ్మా. తెల్లగా ఉంది," అంది. "అమ్మా, నాకు పరవాన్నం అక్కర్లేదు. నువ్వు రా."

వదిన మైకు ఆపేసి, నేరుగా తన గదికి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందేమో, వెనకాల వెళ్లనా వద్దా అనుకుంటున్నాను. చేతిసంచితో బయటికి వచ్చింది.

"రెండో మెట్ల గది ఖాళీగానే ఉన్నాది కదా?" అంది.

నమోదు 7 – వదిన లేని వంటగది

తోడు లేకుండా పంపకూడదన్న నియమం వల్ల ఒడ్డుకు వెళ్లాల్సిన నర్సు ఒకామెను వదినతో పంపారు. తలుపు మూసేటప్పుడు వదిన కళ్లు మూసుకోలేదట. నర్సే చెప్పింది. నర్సు చెయ్యి మాత్రం కమిలిపోయిందట.

రెండు మెట్ల గదులూ పక్కపక్కనే. నడుమ ఇనుప గోడ. కూతురు ముందు వెళ్లింది కాబట్టి అక్కడ గాలి ఇప్పటికే పల్చన, ఇక్కడ ఇంకా బరువు. ఒకరి గదిలోకి ఒకరు వెళ్లే వీలు లేదు. గోడ మీద తడితే మాత్రం వినబడుతుంది. రోజంతా ఠక్ ఠక్ మంటూ ఏదో కబుర్లు. మైకు ఉంది కదా అంటే, "మైకులో అందరూ ఇంటారు," అంది వదిన.

గురుమూర్తి ఫిర్యాదు చేశాడు. "నిద్ర లేదు వరాలత్తా. తల్లీ కూతుళ్లు గోడ కొట్టుకుంటానే ఉంటారు."

ఇక్కడ నేను రెండో రాశి పొడిని ముగించాను. అంతా పొడి సీసాల్లో ఉంది. చీకటి అరలో పెట్టాను. తుఫాన్ల కాలం దాటేదాకా సరిపోతుంది, పిల్లలకు ముందు, పెద్దలకు తర్వాత అని పంచితే. వంటగది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను: పాలు సీసాలో కాదు, గ్లాసులో. వదిన లేదు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పేవాళ్లు లేని వంటగది ఇంత చప్పగా ఉంటుందని అనుకోలేదు.

నమోదు 8 – కబురు వచ్చిన రోజు

నీలవేణి, గురుమూర్తి మొన్ననే పైకి చేరారు. వదిన ఇంకా మెట్ల గదిలోనే ఉండగా నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. అది విన్నాక వదిన ఆ ఇనుప గదిలో ఎలా తిరిగిందో నర్సు మాటల్లో చెప్పలేకపోయింది. తొందరగా తలుపు తియ్యమని అడిగిందట. తియ్యకూడదని చెబితే, సరేనని కూర్చుందట. ఇంత భయమున్న మనిషి ఆ గదిలో ఓపిగ్గా కూర్చుందంటే నేను నమ్మలేదు. రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ఈ పొద్దున వదిన గుండ్రటి బండి ఒడ్డు చేరింది. మధ్యాహ్నానికి మైకు మోగింది. వంటగదిలో ఉన్నవాళ్లందరూ చేతిలో పని వదిలేశారు. ఒడ్డునుంచి వచ్చే గొంతులు మామూలు మనుషుల గొంతుల్లా బొంగురుగా ఉంటాయి. ముందు అది ఎవరో పోల్చుకోలేకపోయాను.

"వరాలూ. ఆడపిల్ల."

"నువ్వు చేరేసరికే పుట్టిందా?"

"నాను ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికి లోపల నీలేని అరుత్తోంది. డాక్టరమ్మ నన్ను బయటుండమంది. నానుంటానేటి? నా సేతుల్లోకే తీసుకున్నాను వరాలూ. తడి తడిగా, ఎర్రగా. నన్ను సూసి ఒకటే కోపం దానికి."

"పాలు పట్టారా?"

"పట్టినాం. తాగుతున్నాది. ఆగమన్నా ఆగదు. అల్లుడుగారు గుమ్మంలో కూకుని ఏడుత్తన్నారు." వెనకనుంచి గురుమూర్తి ఏదో అన్నాడు. "మీసాలు మొలుత్తున్నాయట, సెప్పమంటన్నారు. నాను ఉంటాను. బాలింతకి పత్తెం వొండాలి. ఇక్కడోల్లకి చారు పెట్టడం కూడా రాదు."

మైకు ఆగింది. నేను వెనక్కి తిరిగేసరికి వంటగది నిండా మనుషులు. నాచు తోటనుంచి తడి బట్టలతోనే వచ్చేశారు. నెల క్రితం పాల గ్లాసు చూసి వంగి పారిపోయిన మగవాళ్లే ఇప్పుడు, "ఏటి వరాలప్పా, నోరు తీపి సెయ్యవా?" అంటున్నారు.

చీకటి అరలోంచి పాలపొడి సీసా ఒకటి తీశాను. పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టాను. నీళ్లు బాగా మరిగేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పరవాన్నం మాడుపాకం రంగులోనే వచ్చింది, జీడిపప్పు కనబడనంత చిక్కగా. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే తిన్నారు. గుండిగ అడుగు గీకడానికి ఇద్దరు పోట్లాడుకున్నారు.

నిలవ పెట్టడానికి చెంచాడు కూడా మిగలలేదు.